మూడో వంతు పొగ

బయల్దేరే ముందు

ఉంగుటూరు దగ్గర మా ఊరి నుంచి కొల్లేటి అంచున ఉన్న మా అక్కయ్య ఊరికి, బస్సు మారి ఆటో ఎక్కినా, ఒక పూట ప్రయాణం. నాకు వారం పట్టింది. దేశాల మధ్య ఒప్పందాలు కుదరడానికి ఏళ్లు పడతాయట కాబట్టి వారం ఎక్కువేమీ కాదని నా లెక్క. ఆ దారిన వెళ్లనివాళ్ల కోసం, వెళ్లినా నాలాగా చుట్టూ తిరిగి వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

సంగతి ఇదీ. సార్వా, అంటే వానాకాలపు వరి, కోతలు ఇప్పుడు మిషన్ మీదే. మిషన్ ధాన్యాన్ని ట్రాక్టర్లో పోసి, గడ్డిని చేలో చిందరవందరగా వదిలేసి పోతుంది. దాళ్వా, అంటే రెండో పంట, నాట్లకి వ్యవధి ఉండదు. అందుకని అగ్గిపుల్ల గీస్తారు. ఆ కాలంలో మాకు గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. మా పొగ తిన్నగా కొల్లేటి వైపు, అంటే మా అక్కయ్య సరోజిని పెరట్లోకి వెళ్తుంది. ఎండాకాలంలో గాలి తిరగబడుతుంది. అప్పుడు దాళ్వా కోసుకుని వాళ్లు కాలుస్తారు, మేం పీలుస్తాం. ఆరు నెలలు వాళ్లకి మేం, ఆరు నెలలు మాకు వాళ్లు.

మా అక్కయ్యకి ఉబ్బసం. ఏటా కోతల కాలంలో ఫోన్ చేస్తుంది.

"ఒరేయ్ తమ్ముడూ, మీ ఊరివాళ్లు వచ్చారురా."

"ఎవరక్కా?"

"పొగరా. పొద్దున్నే వచ్చి వసారాలో కూచుంది. టీ ఇచ్చి పంపనా, భోజనానికి ఉండమననా?"

తన మాటకి తనే నవ్వుతుంది. ఆ నవ్వు సగంలో దగ్గుగా మారుతుంది. దగ్గు ఆగేదాకా నేను ఫోన్ చెవికి పెట్టుకుని ఉంటాను. పోయిన ఏడాది అది ఆగలేదు. బావ ఆమెని ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆక్సిజన్ మీద ఉంచి, ఎలాగో ఇంటికి తెచ్చుకున్నాడు. పంపేటప్పుడు డాక్టరుగారు బావని పక్కకి పిలిచి, "ఈసారికి గట్టెక్కారండి. మళ్లీ ఏడాది ఇదే పొగ పీలిస్తే నేను మాట ఇవ్వలేను" అన్నారట. ఆ మళ్లీ ఏడాది వచ్చేసింది. ఈ నెలరోజులూ మా ఇంట్లో ఉండమని అక్కయ్యని పిలిస్తే, "పొగ పుట్టేచోటికి రమ్మంటావేమిట్రా?" అంది.

నేను పెద్దగా చదువుకోలేదు. లెక్కలు మాత్రం సొంతంగా పట్టుకున్నాను. పొలం కొలతలు, కాలవ నీటి వంతులు, పెళ్లి వంటలకి బియ్యం, ఏ లెక్కయినా మా ఊళ్లో నా దగ్గరికే వస్తుంది. అందరూ మాస్టారూ అంటారు. నేను ఏ బడిలోనూ ఒక్క పాఠం చెప్పలేదు.

ఒకరోజు గడ్డం గీయించుకోవడానికి కూర్చుని పేపరు చదివాను. తూర్పు సముద్రం అవతల ఒక దేశంలో అడవులు కాలితే పక్క దేశంలో బడులు మూసేస్తారట. వాళ్లంతా ఒకచోట కూర్చుని, గాలి మనందరి ఉమ్మడి సొత్తు, పొగ సంగతి కలిసే చూసుకుందాం అని కాయితం రాసుకున్నారట. ఒక చెంప గీయడం అయింది, రెండో చెంప మిగిలి ఉంది, నాకు ఆలోచన వచ్చింది. ఎగువ ఊరు, దిగువ ఊరు అని కాలవ నీళ్లు వంతులు వేసుకుని వాడుకుంటున్నాం కదా. పొగకి మాత్రం వంతులు ఎందుకు ఉండకూడదు?

మేడ మీద వెదురు గడకి కట్టిన పాత కండువా అప్పటికే రెండు సీజన్ల నుంచి నాకు గాలి చూపిస్తోంది. దాన్నిబట్టి కోతల కాలాన్ని మూడు వంతులు చేసి, ఊళ్లూ గాలులూ ఒక పటంగా గీసి, కింద వంతుకో గడి పెట్టాను. మొదటి వంతులో మధ్యాహ్నాలు సముద్రపు గాలి లోపలికి తోస్తుంది. అప్పుడు కాలిస్తే పొగ కొల్లేటికి పోదు. రెండో వంతు కూడా పరవాలేదు. మూడో వంతు మహా చెడ్డది. చలి దిగుతుంది, పొగ పైకి లేవదు, నేల మీద పాకుతూ అక్కయ్య ఊరికే పోతుంది. కండువా లెక్కలో తేలిన ఊళ్లు మూడు: మాది, గూడెం టౌను పక్క ఊరు, కొద్దో గొప్పో సార్వా ఉన్న అక్కయ్యవాళ్ల ఊరు. మూడు ఊళ్లు, మంచి గాలులు రెండే. ఇది నాకు ముందే తెలుసు. రెండిట్లో సర్దుకుంటారులే, మూడో వంతు ఎవరు కోరుకుంటారు అనుకున్నాను. మా గోదావరి జిల్లాల మనుషుల్ని ఇన్నేళ్లు చూసి కూడా అలా అనుకున్నాను.

ఏలూరు: గాలి ఎవరి పరిధి

ముందు ప్రభుత్వానికి చెప్పడం పద్ధతి కదా అని ఏలూరు వెళ్లాను. బస్టాండు పక్కన ఇడ్లీ తిన్నాను. మా ఊళ్లో పచ్చడి అడక్కుండా రెండోసారి వేస్తారు. ఇక్కడ అడిగితే వేస్తారు. జిల్లా కేంద్రానికీ పల్లెటూరికీ నాకు కనపడిన తేడా అంతే.

నేను వెళ్లిన ఆఫీసులో అధికారి చిన్నవాడు, చాలా మర్యాదస్తుడు. "చెమట పట్టినట్టుంది, కూర్చోండి" అని ఫ్యాను గట్టిగా తిప్పాడు. నేను బల్ల మీద పరిచిన గాలుల పటం లేచి బీరువా వెనక్కి పోయింది. ఇద్దరం కలిసి బీరువా జరిపాం. అతను పటం ఓపిగ్గా చూశాడు.

"బావుందండి. కానీ గడ్డి కాల్చొద్దని మేమే ఊరూరా చెబుతున్నాం కదండి. వద్దన్నదానికి మీరు టైంటేబుల్ వేసి తెచ్చారు. నేను సంతకం ఎలా పెట్టనండి?"

"వద్దంటే మానేస్తున్నారాండి?"

"లేదండి."

"మరి?"

"మరి ఇంకోటి కూడా ఉందండి" అన్నాడు, పటం మీద వేలు పెట్టి. "మీ ఊరూ, మీ అక్కగారి ఊరూ ఏలూరు జిల్లా. ఈ గూడెం పక్కది పశ్చిమ గోదావరి. ఇదివరకు అంతా ఒకటే జిల్లా కాబట్టి ఒకటే పొగ. ఇప్పుడు అది వేరే జిల్లా పొగండి. మన పరిధిలోకి వచ్చాక చెప్పండి, చూద్దాం. అక్కడుండగా మనది కాదు."

"మన పరిధిలోకి వచ్చేసరికి మా అక్కయ్య ఊపిరితిత్తుల్లో ఉంటుందండి."

అతను నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకుని, నాకు టీ తెప్పించి, గుమ్మం దాకా వచ్చి, "మీలో మీరు కుదుర్చుకుంటే అంతకన్నా ఏం కావాలండి. అసలు కాల్చకుండా కుదుర్చుకుంటే సన్మానం చేస్తాం" అన్నాడు.

లాడ్జిలో నా పక్క గదిలో ఒక పెద్దాయన దిగాడు. తివాచీలు నేసే ఇంటివాడు. రైలు దొరక్క ఉండిపోయాడట. నా పని విని చాలాసేపు తల ఊపాడు.

"దేశాలవాళ్లు కూర్చునేటప్పుడు కింద తివాచీ ఉంటుంది కదండీ?"

"ఉంటుందనుకుంటానండీ."

"మరి మీకు ఉందా?"

లేదు. నాకది తట్టనే లేదు. చాపల మీద కూర్చుని మాట్లాడుకుంటే ఎవరు పట్టించుకుంటారని ఆయన వాదన. తెల్లారేసరికి తన సామాన్లోంచి ఒక పాత ఎర్ర ఊలు తివాచీ చుట్ట చుట్టి అద్దెకిచ్చాడు. అద్దె అడగడానికి సిగ్గుపడి, "మీ ఇష్టం" అన్నాడు. నేను సిగ్గుపడి ఎక్కువిచ్చాను. అక్కణ్ణించి నా ప్రయాణమంతా ఆ తివాచీతోనే. బస్సులో దానికి కూడా టిక్కెట్టు కొట్టారు.

గూడెం: విమానాలు రాని రన్‌వే

ఏలూరు నుంచి గూడేనికి వెళ్లే దారిలో మా ఊరు వస్తుంది. బస్సు అద్దంలోంచి చూశాను. మా వీధి, మా మేడ, దాని మీద నా కండువా కనిపించాయి. కండువా కొల్లేటి వైపే చూపిస్తోంది. దిగలేదు. రెండు పక్షాల మధ్య తిరిగేవాడు సొంత ఊళ్లో దిగితే గూడెంవాళ్లు ఏమనుకుంటారు? అయిదు నిమిషాలకి మా ఆవిడ ఫోన్ చేసింది.

"బస్సులో వెళ్లింది మీరేనా?"

"నేనే."

"ఆ ఎర్రటిది ఏమిటి?"

"తివాచీ."

"మందులు వేసుకుంటున్నారా?" అని అడిగి పెట్టేసింది.

గూడెం ఉల్లిపాయల మార్కెట్టు ఊరు. బస్సు దిగుతూనే ముక్కు ఆ సంగతి చెబుతుంది. మేం కిలో లెక్కన అడుగుతాం, ఇక్కడ బస్తాలో చెయ్యి పెట్టి అడుగుతారు. నేను కలవాల్సిన వెంకట్రావుగారు పక్క ఊరి నీటి సంఘానికి పెద్ద. పొద్దున్నే రన్‌వే మీద నడుస్తారని చెబితే అక్కడికే వెళ్లాను. ఎప్పుడో యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రోడ్డు అది. ఇప్పుడు విమానాలు రావు, షుగరు ఉన్నవాళ్లు వస్తారు. అంత బయలు ప్రదేశం మా వైపు లేదు. గాలి ఎటు వెళ్తోందో చూడ్డానికి జేబురుమాలు పైకెత్తి పట్టుకున్నాను. తమని పిలుస్తున్నాననుకుని నడిచేవాళ్లలో నలుగురు వచ్చారు. వాళ్లలో వెంకట్రావుగారు ఉన్నారు. ఆ విధంగా ఆయన్ని వెతికే పని తప్పింది.

"పొగ సంగతాండీ? తప్పకుండా మాట్లాడదాం. ముందు టిఫిన్ కానివ్వండి, ఆయ్."

ఉప్మా పెసరట్టు పెట్టించారు. తరవాత కాఫీ. తరవాత వాళ్లింటికి తీసుకెళ్లి, కాఫీ తాగినట్టు ఇంట్లో తెలియకూడదని ఇంకో కాఫీ. అప్పుడు పటం చూశారు. తూర్పు దేశాల సంగతి విని ముందుకు వంగారు.

"అందరూ సంతకాలు పెట్టారాండీ?"

"ఒక దేశం చాలా ఆలస్యంగా పెట్టిందటండి. అడవులు కాలేది ఆ దేశంలోనేట."

"పొగ తగ్గిందాండీ?"

"కొన్నేళ్లు తగ్గిందట, కొన్నేళ్లు లేదట."

"అయితే భోజనాలు సరిగ్గా పెట్టి ఉండరు" అన్నారు వెంకట్రావుగారు.

నేను అక్కయ్య సంగతి చెప్పాను. ఆయన మొహం మారిపోయింది. భార్యని పిలిచి ఆవిడకీ చెప్పించారు. ఆవిడ కళ్లు తుడుచుకుంది. తరవాత ఆయన పటం మీద చెయ్యి పెట్టి, పెద్ద త్యాగం చేసేవాడిలా అన్నారు.

"మంచి వంతులు రెండూ మీ రెండు ఊళ్లూ తీసుకోండి మాస్టారూ. ఆ మిగిలిన చెడ్డది, చివరిది, మాకు రాసెయ్యండి. మేం సర్దుకుంటాం."

"అది కాదండీ. ఆ చివరి వంతులో కాలిస్తేనే అక్కయ్యకి..."

"మీరు మొహమాటపడకండి. ఒక ఆడకూతురి ప్రాణం సంగతి అంటుంటే మేం మంచి గాలి పట్టుకుని కూచుంటామా? మాకు చివరిదే. అంతే."

ఎన్ని విధాల చెప్పినా ఆయనకి ఎక్కలేదు. చెడ్డ వంతు తీసుకోవడం మంచితనం. ఆ మంచితనమే అక్కయ్య పీక మీదికి వస్తోందని చెబితే ఆయన మంచితనాన్ని కాదన్నట్టు అవుతుంది. రెండు గంటలు ఆయన్ని స్వార్థపరుణ్ణి చేయడానికి ప్రయత్నించి, ఓడిపోయి, తివాచీ భుజాన వేసుకుని బస్సెక్కాను.

మా ఊరు, ఈసారి దిగాను

మా ఊరి నీటి సంఘం పెద్ద సుబ్బారావు బాబాయ్. నాకు వరసకి బాబాయ్, అక్కయ్యకీ అంతే. ఆయన అరుగు మీద తివాచీ దింపి, జరిగింది చెప్పాను.

"వెంకట్రావు చివరిది అడిగాడా?" అన్నాడు బాబాయ్.

"అడిగారు."

"వేరే జిల్లావాడు మన ఆడపిల్ల కోసం చివరిది తీసుకుంటే, పుట్టింటివాళ్లం మనం మొదటిది తింటామేమిట్రా? మొహం ఎక్కడ పెట్టుకోవాలి? మనకీ చివరిదే రాయి."

"బాబాయ్, ఇద్దరూ చివర్లో కాలిస్తే పొగ రెట్టింపు అవుతుంది."

"రెట్టింపు కానీ. మాట దక్కాలి."

నేను నేల మీద బొగ్గుతో గీసి చూపించాను. గాలి ఇటు, అక్కయ్య ఇక్కడ, పొగ ఇంత. బాబాయ్ శ్రద్ధగా చూసి, లెక్క ఎక్కడా తప్పు లేదని ఒప్పుకుని, "అయినా చివరిదే" అన్నాడు.

ఆ పూట మా ఇంట్లో భోజనం చేశాను. మా ఆవిడ నన్ను దూరదేశం నుంచి వచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది. "ఎవరూ మంచిది తీసుకోకపోతే ఏమవుతుంది?" అని అడిగింది. లెక్క నాకు తెలుసు. ముగ్గురిలో ఇద్దరు ఇప్పటికే అక్కయ్య మీద పడ్డారు. మిగిలింది బావ. ఆయన సొంత భార్య కాబట్టి మంచి వంతు తీసుకుంటాడని ఆశ.

కొల్లేటి అంచున

ఏలూరు మీదుగా ఆటోలో కొల్లేటి వైపు దిగుతుంటే నేల అంతకంతకూ నీళ్లయిపోతుంది. మా వైపు గట్టు మీద కొబ్బరి చెట్లుంటాయి, ఇక్కడ గట్టు మీద కరెంటు మోటార్లుంటాయి. చలికాలం కాబట్టి దూరదేశాల పక్షులు దిగి ఉన్నాయి. నా ఒప్పందానికి విదేశాల నుంచి వచ్చిన ప్రతినిధులు అవే. దగ్గరికి వెళ్తే లేచిపోయాయి.

బావ పేరు సూర్యం. ఆయనకి రొయ్యల చెరువు, కొంచెం వరి చేను ఉన్నాయి. చెరువు మీద చక్రాలు గిరగిరా తిరుగుతూ నీళ్లని చిలుకుతున్నాయి. రొయ్యలకి ఊపిరి ఆడ్డానికట. కరెంటు పోతే జనరేటరు కూడా ఉంది. నేను దిగేసరికి అక్కయ్య మెట్ల మీద కూర్చుని, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. ఎవరో తొందరపడి ఒక మడి కాల్చారట. అంత దూరంలో ఒక సన్నటి బూడిదరంగు గీత కనిపించింది. అంతే. ఆ గీతకే మనిషి ఇలా అయిపోయింది. మందు పీల్చి, చాలాసేపటికి మాట తెచ్చుకుంది.

"చూశావుట్రా. మీ బావ రొయ్యలకి నాలుగు గాలి మిషన్లు పెట్టారు. నాకు ఒక్కటీ లేదు."

"అదేమిటే అలా అంటావు" అన్నాడు బావ.

"తప్పేం లేదండీ. అవి కిలో లెక్కన అమ్ముడుపోతాయి. నేను ఎవడిక్కావాలి?"

నవ్వబోయి, నవ్వడానికి గాలి చాలక ఊరుకుంది. ఆమె నవ్వు ఆపుకోవడం నేను చూడ్డం అదే మొదలు. నా పటం తీసి పక్కన పెట్టి, నీళ్లు తెచ్చిచ్చాను.

తివాచీ వసారాలో పరిచాను. పరిచిన రెండు నిమిషాలకి అక్కయ్య తుమ్మడం మొదలుపెట్టింది. పదేళ్ల దుమ్ము ఉంది అందులో. ఉబ్బసం మనిషి ఇంటికి ఊలు తివాచీ మోసుకొచ్చిన మనిషిని నేనొక్కణ్ణే అయి ఉంటాను. బావ దాన్ని చుట్టి చెరువు గట్టు మీద కాపలా పాకలో పడేశాడు. రొయ్యల కాపలావాడు దాని మీద పడుకుంటున్నాడు. హాయిగా ఉందట.

బావకి విషయం చెప్పాను. బాబాయ్ మాట, వెంకట్రావుగారి మాట రెండూ చెప్పాను. ఆయన మా ఊరి అల్లుడు. మీసం సవరించుకున్నాడు.

"వాళ్లిద్దరూ నా భార్య కోసం చివరిది తీసుకుంటుంటే, నేను మొదటిది తీసుకుంటానటోయ్? మా ఊరికీ చివరిదే."

లోపలి నుంచి అక్కయ్య గొంతు వినిపించింది. "నన్ను చంపడానికి ముగ్గురూ ఎంత మర్యాదగా పోట్లాడుకుంటున్నారో!"

బొమ్మిడాయిల పులుసు

మాటలతో తేలేట్టు లేదని, అందర్నీ భోజనానికి పిలవమంది అక్కయ్య. కొల్లేటి చేపలు అనగానే రెండు జిల్లాల పెద్దలూ వచ్చారు. వెంకట్రావుగారు ఉత్త చేతుల్తో రాలేక ఉల్లిపాయల బస్తా తెచ్చారు. బాబాయ్ పుట్టింటి తరఫున పసుపు, కుంకుమ, చీర తెచ్చాడు. చాపల మీద కూర్చున్నాం.

బొమ్మిడాయిల పులుసు మా వైపు కూడా చేస్తాం. కానీ మా వైపు చేప ఒక రోజు ప్రయాణం చేసి వస్తుంది. ఇక్కడ చేప ఇంటిదే, మనమే ప్రయాణం చేసి వస్తాం. ఆ తేడా నాలిక మీద తెలుస్తుంది. తలెత్తకుండా తిన్నాం. చివరికి గిన్నెలో ఒక్క ముక్క మిగిలింది.

"వేసుకోండి వెంకట్రావుగారూ" అన్నాడు బాబాయ్.

"అయ్యో, మీరు పెద్దవారండీ. మీరు వేసుకోండి."

"మీరు అతిథులు."

"మీరు కారేంటండీ? అల్లుడుగారికి వెయ్యండి."

"నేను ఇంట్లోవాణ్ణి, మీ ముందు నేను తినడమా" అన్నాడు బావ.

ముక్క మీద నుంచి ఆవిరి తగ్గిపోయింది. అక్కయ్య గరిటె పట్టుకుని ముగ్గురినీ చూసింది. గిన్నె తన ముందుకు లాక్కుని, ఆ ముక్క తీసుకుని, నిలబడే తినేసింది. ముళ్లు తీస్తూ, తొందర లేకుండా. ముగ్గురు పెద్దలూ చేతులు ఎండిపోతుంటే చూస్తూ కూర్చున్నారు.

"చివరిది నాదండీ" అంది. "మీలో ఎవరూ తినరు, ఎవరినీ తిననివ్వరు. బాబాయ్, ఒకటి అడుగుతాను, కాదనకండి."

"అడగమ్మా."

"చీర తెచ్చారు, సంతోషం. పుట్టింటి నుంచి నాకు ఇంకోటి కావాలి. ఆ మూడో వంతు నాకు ఇచ్చెయ్యండి."

"మూడో వంతు ఏంటమ్మా?"

"తమ్ముడి పటంలో చివరిదే. కాల్చుకునే చివరి వంతు. అది నాది. వెంకట్రావుగారూ, నన్ను ఆడకూతురు అన్నారట. మీ వాటా కూడా ఇవ్వండి. ఏవండీ, మీరు కూడా."

ఆడపడుచు పసుపు కుంకుమల పక్కన నిలబడి అడుగుతుంటే లేదనేవాడు మా వైపు పుట్టలేదు. బాబాయ్ వెంటనే "ఇచ్చామమ్మా" అన్నాడు. వెంకట్రావుగారు చెయ్యి కడుక్కోకుండానే రెండు చేతులూ జోడించి "తమ సొత్తేనమ్మా" అన్నారు. బావ తల ఊపాడు.

"అది తీసుకుని ఏం చేసుకుంటావమ్మా?" అని బాబాయ్ అడిగాడు.

"దాచుకుంటాను. కాల్చడానికి నా దగ్గర ఏముంది బాబాయ్, వంట కూడా గ్యాసు మీదే."

అప్పటికి గాని నాకు లెక్క అందలేదు. పటంలో ఇక మిగిలినవి మొదటి వంతు, రెండో వంతు. రెండూ మంచి గాలులే. నేను వారం తిరిగి చేయలేనిది ఆమె ఒక చేప ముక్కతో చేసింది. నేను పటం తెచ్చి, మూడో గడిలో "సరోజిని" అని రాశాను.

"ఇక మొదటి వంతు ఎవరిది?" అన్నాను ఉత్సాహంగా.

"మీరు కానివ్వండి సుబ్బారావుగారూ" అన్నారు వెంకట్రావుగారు.

"ఎంతమాట. ముందు మీరు."

నేను పటం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చాక

ఒప్పందం కుదిరిందా అని అందరూ అడుగుతున్నారు. కుదరలేదు. మొదటి వంతు ఈ రోజుకీ ఎవరూ తీసుకోలేదు.

రోజూ పొద్దున్న బాబాయ్ వెంకట్రావుగారికి ఫోన్ చేసి, "మీరు మొదలుపెట్టండి, మీ వెనకాల మేం" అనేవాడు. ఆయన, "పెద్దవారు మీరు అంటించకుండా మేం ఎలాగండీ" అనేవారు. తరవాత ఇద్దరూ కలిసి బావకి ఫోన్ చేసేవారు. బావ, "పెద్దలు మీరుండగా" అనేవాడు. మా ఊళ్లో కుర్రరైతులు అగ్గిపెట్టెలు జేబులో పెట్టుకుని తిరిగారు. గూడెంవాళ్ల కన్నా ముందు అంటిస్తే ఊరి పరువు పోతుందని బాబాయ్ చేలగట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొదటి వంతు అలా అయిపోయింది. రెండో వంతు అలాగే అయిపోయింది. మూడో వంతు అక్కయ్యది కాబట్టి అందులో ఎవరూ అడుగు పెట్టలేదు. ఈలోగా కాలవకి దాళ్వా నీళ్లు వదిలారు. చేలన్నీ తడిసి, గడ్డి అంటుకోకుండా పోయింది. చేసేదేం లేక ఆ గడ్డి మీదే ట్రాక్టర్లు దింపి, బురదలో కలిపి తొక్కించి దమ్ము చేశారు. రెండుసార్లు తొక్కించాల్సి వచ్చిందని, డీజిలు ఎక్కువైందని అందరూ నన్ను తిట్టారు. నాట్లు కొంచెం వెనకబడ్డాయి. గడ్డి కుళ్లి ఎరువవుతుందిలే అని బాబాయ్ సర్ది చెబుతున్నాడు. అవుతుందో లేదో పంట చూస్తే తెలుస్తుంది.

పొగ అసలే రాలేదని చెప్పను. ఒకరోజు ఇంకో ఊరి పొగ వచ్చిందట. ఆ ఊరు నా పటంలో లేదు, వాళ్లకి ఇంకా ఎవరూ చేపల పులుసు పెట్టలేదు. ఆ రోజు అక్కయ్య తలుపులు వేసుకుని మందు పీల్చింది. ఏలూరు మాత్రం వెళ్లలేదు.

ఎండాకాలం వస్తే గాలి తిరుగుతుంది. అప్పుడు ముందు ఎవరు అంటించాలో బావ ఇప్పటినుంచే బాబాయ్‌ని అడుగుతున్నాడు. "మీ వీలు చూసుకుని మీరే ముందు కానివ్వండి" అని బాబాయ్ కబురంపాడు.

నాట్లు అయిన వారానికి అక్కయ్య ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ ఏడు మీ ఊళ్లోంచి చుట్టం ఒక్కరూ రాలేదేమిట్రా? అక్కతో మాటలు మానేశారా?"

"నువ్వే కదా వంతు లాక్కున్నావు" అన్నాను.

నవ్వింది. నేను అలవాటుకొద్దీ ఫోన్ చెవికి అదిమిపెట్టి, దగ్గు కోసం కాచుకున్నాను. ఆమె నవ్వు చివరిదాకా నవ్వేసి, "పోపు మాడుతోంది, ఉంటానురా" అని పెట్టేసింది.